నాయన నెత్తురులో తట్టలు

మా ఇంట్లో తెలుగు నోటితోనే బతికింది. చదువూ రాతా అంతా కన్నడలో. కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో, మా ఊరి బడిలో, పదో తరగతి దాకా నాది కన్నడ మీడియమే. తెలుగు అక్షరాలు మా అవ్వ దగ్గర, పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు దిద్ది నేర్చుకున్నాను. కాబట్టి ఒత్తులు, దీర్ఘాలు అటూ ఇటూ అయితే మన్నించండి. ఇక్కడ మా అత్తలూ చిన్నాయనలూ పెండ్లి పాటల గురించీ, జాతర గురించీ రాశారు. నేను రాసేది ఆస్పత్రి సంగతి. ఇదీ మన ఇంటి కథే. ఆ వారం కుటుంబం వాట్సాప్ గుంపులో మీరందరూ ఉన్నారు, అందరూ భయపడ్డారు, అందరూ నన్ను అడిగింది ఒకే మాట: "కౌంట్ ఎంత?"

2024 వానాకాలం. కర్ణాటకలో ఆ ఏడు డెంగీ ఎంత ఎక్కువగా ఉండిందంటే, సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని అంటువ్యాధిగా ప్రకటించింది. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. అమ్మ ఫోన్ చేసింది. "మీ నాయనకి మూడు దినాల నుంచి జ్వరం దిగలే. కండ్ల వెనక నొప్పంట, ఒళ్ళంతా విరిచేసినట్లుందంట. టమాటా తోటలోకి కూడా పోలే." నాయన తోటలోకి పోలేదంటే అది మామూలు జ్వరం కాదని నాకు అప్పుడే అర్థమైంది.

నాలుగో రోజు పరీక్ష చేయిస్తే డెంగీ అని తేలింది. ప్లేట్లెట్లు 64 వేలు. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగు లక్షల దాకా ఉండాలి. దగ్గరలోని ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. ఐదో రోజు 38 వేలు. గుంపులో మదనపల్లె మామ రాశాడు: "50 వేలకి తగ్గితే ఎక్కించాల్సిందే, ఆలస్యం చేయొద్దండి." ఎవరో పరంగి ఆకు రసం, అంటే బొప్పాయి ఆకు రసం, తాగించమన్నారు. తాగి నాయన మూడు సార్లు వాంతి చేసుకున్నాడు. కివీ పండు, మేకపాలు అన్నీ వచ్చాయి.

నర్సింగ్ హోమ్‌లో "రిస్కు వద్దు, ప్లేట్లెట్లు ఎక్కిద్దాం" అన్నారు. నాయనకి ముక్కులోంచి గానీ చిగుళ్ళలోంచి గానీ చుక్క నెత్తురు రాలేదు. అయినా ఎక్కించేశారు. వాళ్ళనే అనలేను. ఆ పొద్దున్నుంచి "ఎప్పుడు ఎక్కిస్తారు" అని పది సార్లు అడిగింది మేమే. నాలుగు ప్యాకెట్లు తెప్పించారు. మూడోది సగం అయ్యేసరికి నాయన వణకడం మొదలుపెట్టాడు. రెండు దుప్పట్లు కప్పినా పండ్లు కటకట కొట్టుకుంటూనే ఉన్నాయి. ఒంటి మీద దద్దుర్లు లేచాయి. ఆపేసి ఇంజెక్షన్ వేశారు. మర్నాడు పొద్దున కౌంట్ 31 వేలు. అంత చేసినా పెరగలేదు, తగ్గింది.

అంబులెన్సులో బెంగళూరు తెచ్చాం. ఆరో రోజు సాయంత్రానికి 17 వేలు.

నా ఉద్యోగం ఏమిటంటే, స్క్రీన్ మీద ఎర్రగా ఏదైనా కనిపిస్తే పరిగెత్తడం. 17 అనే అంకె నాకు అలా ఎర్రగా కనిపించింది. ఆఫీసు గుంపులో మెసేజ్ పెట్టాను. నాయనది బి పాజిటివ్. మా టీంలో నా పక్క సీటు కుర్రాడు అదే గ్రూపు, వెంటనే వచ్చేశాడు. రక్తకేంద్రంలో అతనికి పరీక్షలన్నీ చేసి, నరాలు చూసి, ప్లేట్లెట్లు 2 లక్షల 60 వేలు ఉన్నాయని సరే అన్నారు. డోనర్ సిద్ధం. ఇక డాక్టరు సంతకం ఒక్కటే కావాలి.

డాక్టరమ్మ ఇవ్వనంది.

నేను గొంతు పెంచాను. కన్నడలో, అందరూ వినేలా. "17 వేలు మేడం. మీ ఇంట్లో వాళ్ళయితే ఇలాగే ఊరికే ఉంటారా?" ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె కోప్పడలేదు. నాయన దగ్గరికి పోయి నోరు తెరిపించి చిగుళ్ళు చూసింది. చేతుల మీద, కాళ్ళ మీద టార్చి వేసి చూసింది. మలం నల్లగా పోయిందా, మూత్రం ఎన్ని సార్లు పోయినారు, కడుపులో నొప్పి ఉందా, అని అడిగింది. నేను ఒక్కొక్కటీ తెలుగులో నాయనకి చెప్పి, ఆయన జవాబు కన్నడలో ఆమెకి చెప్పాను. అప్పుడు నాతో అంది: "నేను 17కి భయపడటం లేదు. హెమటోక్రిట్ 48 ఉంది చూడండి, నా భయం దాని గురించి."

డెంగీలో అసలు గండం ఏమిటో అప్పుడు తెలిసింది. సన్న రక్తనాళాల గోడలు చెమరుస్తాయి. నెత్తురులోని నీటి భాగం, ప్లాస్మా, బయటికి ఊరిపోతుంది. లోపల మిగిలిన నెత్తురు చిక్కబడుతుంది. ఆ చిక్కదనాన్ని చెప్పేదే హెమటోక్రిట్. అది మితిమీరితే బీపీ పడిపోయి షాక్‌లోకి పోతారు. ఇది జరిగేది జ్వరం మండిపోయే రోజుల్లో కాదు, జ్వరం దిగి "అబ్బ, తగ్గింది" అని మనం ఊపిరి పీల్చుకునే ఆ ఒకటి రెండు రోజుల్లో. దానికి మందు కొలిచి ఎక్కించే సెలైన్. ప్లేట్లెట్లు ఆ ఊటను ఆపలేవు.

నాయన మంచం మీదనుంచి అడిగాడు. "ఏందంట రా?"

నాకు ప్లేట్లెట్‌కి తెలుగు మాట తెలీదు. బడిలో చదివింది కన్నడ మాట, కిరుతట్టె. చిన్న పళ్ళెం అని అర్థం. తెలుగు పుస్తకాల్లో రక్త ఫలకికలు అంటారని తర్వాత మదనపల్లె మామ కొడుకు చెప్పాడు. ఆ పూట నోటికొచ్చింది చెప్పేశాను. "నెత్తురులో చిన్న చిన్న తట్టెలుంటాయి నాయనా. అవి తగ్గినాయంట."

కన్నడలో తట్టె అంటే పళ్ళెం. మన తెలుగులో తట్ట అంటే మన్ను మోసే బుట్ట కదా. నాయన నవ్వాడు. "నెత్తురులో తట్టలేంది రా? ఆడ ఎవడు మన్ను మోస్తాడు?"

"అదే పని చేస్తాయి నాయనా. యాడైనా నరం తెగితే పరిగెత్తి పోయి అడ్డం పడి పూడుస్తాయి."

ఆయన కాసేపు పైకి చూస్తూ ఉండిపోయాడు. చిన్నప్పుడు మా ఊరి చెరువు కట్టకి గండి పడితే రాత్రంతా తట్టలతో మన్ను మోసిన మనిషి ఆయన. అన్నాడు: "నాకు యాడా గండి పడలే గదా. తట్టలు తెచ్చి యాడ పోస్తారు?"

డాక్టరమ్మకి తెలుగు కొంచెం అర్థమవుతుందని నాకు అప్పుడు తెలిసింది. "నిమ్మ తందె సరియాగి హేళిదరు" అంది, మీ నాన్న సరిగ్గా చెప్పారు అని. తర్వాత నాకు విడమరిచి చెప్పింది. డెంగీలో ప్లేట్లెట్లు తయారయ్యే ఎముక మజ్జ కొన్నాళ్ళు మందగిస్తుంది. ఉన్నవాటిని శరీరమే నాశనం చేస్తుంటుంది. బయటినుంచి తెచ్చి పోసినా ఆ మంటలోనే పడతాయి. అందుకే నర్సింగ్ హోమ్‌లో పోసినవి కనబడకుండా పోయాయి. సింగపూర్, మలేషియాలలో 372 మంది పెద్దవాళ్ళ మీద ఇదే పరీక్షించి చూశారు. అందరికీ డెంగీ, అందరికీ కౌంట్ 20 వేలో, అంతకంటే తక్కువో. కొందరికి ప్లేట్లెట్లు ఎక్కించారు, కొందరికి ఎక్కించలేదు. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. ఎక్కించినందువల్ల రక్తస్రావం ఆగిందని తేలలేదు. దద్దుర్లు, ఆయాసం లాంటి ఇబ్బందులు మాత్రం ఎక్కించినవాళ్ళలోనే ఎక్కువ.

"నెత్తురు కారడం మొదలైతే ఆ నిమిషమే ఎక్కిస్తాను. కౌంట్ 10 వేల కిందికి పోయినా ఆలోచిస్తాను. దానికి రక్తకేంద్రంలో నిల్వ ఉంది. మీరు పోయి కాఫీ తాగండి" అంది.

ఇక్కడిదాకా చెప్పింది మీలో చాలామందికి తెలుసు. తర్వాత జరిగింది ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి డోనర్‌ని ఇంటికి పంపుదామని రక్తకేంద్రానికి పోయాను. వరండాలో ఒకాయన నిలబడి ఉన్నాడు. రాయచూరు వైపు మనిషి, తెలుగూ కన్నడా కలిపి మాట్లాడుతున్నాడు. ఆయన పాపకి రక్త క్యాన్సర్. కీమోథెరపీ ఇచ్చాక కౌంట్ 6 వేలకి దిగిందట, చిగుళ్ళలోంచి నెత్తురు వస్తోందట. పాపది కూడా బి పాజిటివ్. ఆ గ్రూపు డోనర్ ఇంకా దొరకలేదు. టెక్నీషియన్ నన్ను పక్కకి పిలిచి అడిగాడు: "సర్, మీ పేషంటుకి ఇప్పుడు అవసరం లేదంటున్నారు కదా. మీ డోనర్ రెడీగా ఉన్నాడు. ఆ పాపకి ఇస్తారా?"

నేను వద్దన్నాను.

"తెల్లారేలోపల మా నాయన కౌంట్ పడిపోతే?" అన్నాను. డాక్టరమ్మ అంతసేపు చెప్పింది విన్నాను, అర్థమైంది కూడా. కానీ 17 అనే అంకె నా తలలోంచి పోలేదు. నా డోనర్‌ని నేను దాచిపెట్టుకున్నాను. పొలంలో నీళ్ళు చాలినా మడవ తిప్పని మనిషిలాగా. ఆ రాయచూరు ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. చేతులు జోడించి, ఫోన్ తీసుకొని మెట్ల వైపు పోయాడు.

పొద్దున ఆరు గంటలకి నాయన కౌంట్ 14 వేలు. కానీ హెమటోక్రిట్ 44కి దిగింది, మూత్రం బాగా పోతోంది, ఇడ్లీ కావాలన్నాడు. డాక్టరమ్మ నవ్వుతూ "మలుపు తిరిగింది" అంది. నేను పరిగెత్తి రక్తకేంద్రానికి పోయాను. వరండాలో ఎవరూ లేరు. రాత్రి డ్యూటీ వాళ్ళు మారిపోయారు. ఆ పాపకి ఎవరో ఇచ్చారని కొత్త అతను అన్నాడు. ఏ పాప గురించి నేను అడుగుతున్నానో అతనికి సరిగ్గా తెలుసో లేదో నాకు తెలీదు. అంతే. పేరు కూడా అడగలేదు నేను.

నాయన కౌంట్ మర్నాడు 22 వేలు, ఆ మర్నాడు 51 వేలు. బయటి ప్లేట్లెట్ ఒక్కటి కూడా ఎక్కకుండా. పదో రోజు ఇంటికి పోయాం.

రెండు నెలల తర్వాత నేను ప్లేట్లెట్లు ఇవ్వడానికి పోయాను. నాది ఓ పాజిటివ్. ఒక చేతిలోంచి నెత్తురు తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్లెట్లు మాత్రం ఉంచుకొని మిగతాది మళ్ళీ మనకే ఎక్కిస్తారు. గంటన్నర, రెండు గంటలు పడుతుంది. పెదాలు జిమ్మంటాయి, దానికి క్యాల్షియం మాత్ర ఇస్తారు. మూడు రోజుల ముందు నుంచి ఆస్పిరిన్ వేసుకొని ఉండకూడదు. అక్కడి డాక్టరుని నా ప్రశ్నలన్నీ అడిగాను. అప్పుడే తెలిసింది: ఒకసారి ఇచ్చినవాళ్ళు 48 గంటల తర్వాత మళ్ళీ ఇవ్వచ్చు. వారానికి రెండు సార్లకి, ఏడాదికి 24 సార్లకి మించకూడదు, అంతే. అంటే ఆ రాత్రి మా కుర్రాడు ఆ పాపకి ఇచ్చి ఉన్నా, రెండు రోజులు పోయాక నాయనకీ ఇవ్వగలిగేవాడు. ఆ మధ్యలో కావాల్సి వస్తే రక్తకేంద్రంలో నిల్వ ఎలాగూ ఉంది.

ఆయన చెప్పినవి మన ఇండ్లలో పనికొస్తాయని రాస్తున్నాను.

ప్లేట్లెట్లు నిజంగా ప్రాణం కాపాడేది ఎక్కడంటే, ఆ పాప లాంటి వాళ్ళకి. కీమోథెరపీ వల్ల మజ్జ పని ఆగిపోతుంది. నాయన మాటల్లో చెప్పాలంటే, ఊళ్ళో తట్ట పట్టే మనిషే లేడు, పక్క ఊరినుంచి పిలవాల్సిందే. అలాంటివాళ్ళకి నెత్తురు కారకపోయినా కౌంట్ 10 వేలకి దిగితే ముందుజాగ్రత్తగా ఎక్కిస్తారు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉంటే ఇంకాస్త ముందే. పెద్ద ఆపరేషన్ చేయాలంటే 50 వేలు ఉండేలా చూస్తారు. మెదడుకీ, కంటికీ అయితే లక్ష. ప్రమాదంలోనో, కాన్పులోనో బాగా నెత్తురు పోతుంటే అంకె కోసం ఆగరు. ఇంకోవైపు, కొన్ని జబ్బుల్లో కౌంట్ తక్కువైనా ఎక్కించకూడదు. టీటీపీ అనే జబ్బులో సన్న నాళాల్లో గడ్డలు కట్టి ప్లేట్లెట్లు ఖర్చయిపోతుంటాయి. అక్కడ ఇంకా పోస్తే మంటకి కట్టెలేసినట్లే కావచ్చు. ఐటీపీలో శరీరమే వాటిని తినేస్తుంది, కాబట్టి ప్రాణం మీదికి వచ్చే రక్తస్రావం అయితేనే ఇస్తారు.

ఒక్కోసారి అంకే అబద్ధం కావచ్చు. పరీక్ష గొట్టంలోని మందువల్ల కొందరి ప్లేట్లెట్లు ముద్దగా అంటుకుంటాయి. యంత్రం ముద్దని లెక్కపెట్టలేక తక్కువ చూపిస్తుంది. అనుమానం వస్తే గాజుపలక మీద చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూస్తారు. ఇది విన్నప్పుడు నా వృత్తికి నేనే తలవంచాను. టెస్ట్ ఫెయిల్ అయితే మొదట టెస్టే సరిగ్గా ఉందా అని చూడమని కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేది నేనే.

ఇక ప్రమాదాలు. నాయనకి వచ్చిన చలిజ్వరం, దద్దుర్లు మామూలుగా కనిపించేవి, చాలావరకు మందుతో తగ్గుతాయి. అంతకంటే పెద్దది బ్యాక్టీరియా. మామూలు ఎర్ర రక్తాన్ని ఫ్రిజ్‌లో పెడతారు. ప్లేట్లెట్లు చలికి పాడవుతాయి కాబట్టి 20 నుంచి 24 డిగ్రీల వేడిమిలో, ఊయల ఊపినట్లు ఆపకుండా ఊపుతూ పెడతారు. ఐదు రోజులే ఉంటాయి. ఆ వేడిమిలో ఒక్క క్రిమి దూరినా పెరుగుతుంది. ఎక్కిస్తుంటే చలి, జ్వరం, బీపీ పడిపోవడం వస్తే వెంటనే ఆపి చూడాల్సింది అందుకే. ఎక్కించిన ఆరు గంటల్లోపల ఊపిరితిత్తులు దెబ్బతిని ఆయాసం రావడం అరుదు, కానీ ప్రాణాంతకం. గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళకి ఆ నీటి బరువే ఎక్కువ కావచ్చు. డెంగీ తగ్గే దశలో బయటికి ఊరిన నీరు తిరిగి నాళాల్లోకి వస్తుంది, అప్పుడు ఈ బరువు ఇంకా చేటు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు మన దేశంలో ప్రతి యూనిట్‌కీ తప్పనిసరి. అయినా రిస్కు సున్నా కాదు. పదేపదే ఎక్కించుకున్నవాళ్ళ ఒంట్లో విరుగుడు తయారై, నిజంగా కావాల్సిన రోజున ఎక్కించినా పనిచేయకుండా పోవచ్చు.

మన ఇండ్లలో ఒక నమ్మకం ఉంది. అమ్మ కూడా ఆ రోజు అంది: "బయటోళ్ళు ఎందుకురా, మీ చిన్నాయన ఉండాడు గదా, సొంత నెత్తురు." సొంతవాళ్ళ రక్తం మేలు అనేది తప్పు. దగ్గరి చుట్టాల తెల్ల కణాలు పేషంటు ఒంట్లో పరాయివిగా గుర్తుపడకుండా నిలదొక్కుకొని, ఆ ఒంటి మీదే దాడి చేయవచ్చు. అరుదే, కానీ వస్తే బతకడం కష్టం. అందుకే చుట్టాలవి ఎక్కించాల్సి వస్తే ముందు రేడియేషన్ పట్టిస్తారు. ముక్కూముఖం తెలియని మనిషి ఇచ్చేదే క్షేమం.

కాబట్టి మళ్ళీ మన గుంపులో ఎవరికైనా డెంగీ అని వస్తే, "కౌంట్ ఎంత" అని మొదట అడగకండి. నెత్తురు యాడైనా కారుతోందా, మూత్రం పోతోందా, కడుపు నొప్పి, ఆగని వాంతులు ఉన్నాయా, హెమటోక్రిట్ ఎంత అని అడగండి. నొప్పులకి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మింగనీయకండి. డాక్టరు ఎక్కించాలంటే ఎందుకని, వద్దంటే ఏది చూసి వద్దంటున్నారని నెమ్మదిగా అడగండి. నాలాగా అరవకండి.

ఇప్పటికి ఏడు సార్లు ఇచ్చాను. ఎవరికని అడగను, వాళ్ళూ చెప్పరు. ఇచ్చి బయటికి వచ్చాక చేతికి పట్టీతోనే నాయనకి ఫోన్ చేస్తాను. రాయచూరు ఆయన సంగతి ఆయనకి ఒక్కడికే చెప్పాను, అప్పుడు ఏమీ అనలేదు. ఫోన్‌లో మాత్రం ప్రతిసారీ అడిగేది ఒకటే.

"ఈ పొద్దు ఎన్ని తట్టలు మోస్తివి రా?"